ఒకే నది వెంట యూరప్: పోర్టో నగరం, డౌరో ద్రాక్షతోటల యాత్రకు సమగ్ర మార్గదర్శి

యూరప్ అనగానే మనవాళ్లకు ముందుగా కనిపించేది పది రోజుల్లో ఏడు దేశాలు తిప్పే ప్యాకేజీ. పెళ్లికి వెళ్లి అందరికీ నమస్కారం పెట్టి, ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడకుండా బస్సెక్కి వచ్చేసినట్టు ఉంటుంది ఆ ప్రయాణం. చారిత్రక నగరమూ చూడాలి, వైనరీలూ చూడాలి, అలాగని కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరగకూడదు అనుకునేవారికి నేను చెప్పే సలహా ఒకటే. దేశాలు లెక్కపెట్టకండి, ఒక నదిని ఎంచుకోండి.

పోర్చుగల్ ఉత్తర భాగంలో డౌరో నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోట పోర్టో నగరం ఉంది. ఎదురు ఒడ్డున విలా నోవా ద గాయా అనే ఊళ్లో, పోర్ట్ అనే తియ్యని, ఘాటైన వైన్‌ను నిల్వ చేసే పాత గిడ్డంగులు ఉన్నాయి. రైలెక్కి రెండున్నర గంటలు ఎగువకు వెళితే ఆ వైన్ పుట్టే కొండలు వస్తాయి. పోర్టో పాత నగరాన్ని 1996లో, ఎగువ డౌరో ద్రాక్ష ప్రాంతాన్ని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే ముందు గ్లాసు, తర్వాత పీపా, చివరికి తీగ. వైన్ వచ్చిన దారిలోనే వెనక్కి నడుస్తారన్నమాట.

ఆరేడు రాత్రులుంటే చాలు. పోర్టోలో మూడు, లోయలో రెండు, తిరుగు విమానానికి ముందు మళ్లీ పోర్టోలో ఒకటి రెండు. చాలామంది లోయను పోర్టో నుంచి ఒక్కరోజు బస్సు యాత్రతో ముగించేస్తారు. ఆ బస్సు కొండల్లోకి చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. రెండు వైనరీలు, భోజనం, పడవ షికారు అయ్యేసరికి తిరుగు ప్రయాణం మొదలవుతుంది. నది మీద పొగమంచు విడిపోయే ఉదయం, కొండలు రంగు మారే సాయంత్రం రెండూ చేజారిపోతాయి. లోయలో కనీసం ఒక్క రాత్రి ఉండలేకపోతే అసలు అటు వెళ్లకుండా పోర్టోలోనే హాయిగా గడపడం మేలని నా అభిప్రాయం.

మొదటి అడుగు: నెల ఎంచుకోవడం

డౌరో లోయ వాతావరణం గురించి అక్కడివాళ్లే ఒక మాట అంటారు: తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం. కొంత అతిశయోక్తి ఉన్నా, జులై, ఆగస్టు నెలల్లో లోయలో ఎండ 40 డిగ్రీలకు చేరడం మామూలే. రామగుండం, రెంటచింతల వేసవి తెలిసినవాళ్లకు అదేమీ కొత్త కాదు గానీ, అంత దూరం వెళ్లి మళ్లీ అదే ఎండలో కొండలెక్కడం ఎందుకు? పోర్టో సముద్రం పక్కనుండటం వల్ల వేసవిలోనూ చల్లగానే ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం వానలు ఎక్కువ.

మే, జూన్ నెలలు మంచివి. తోటలు పచ్చగా ఉంటాయి, పగటి వెలుగు రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది. జూన్ 23 రాత్రి పోర్టోలో ఉంటే సావ్ జొవావ్ పండుగ చూడవచ్చు. ఊరంతా వీధుల్లోకి వచ్చి, పరిచయం ఉన్నా లేకపోయినా ఒకరి నెత్తిన ఒకరు ప్లాస్టిక్ సుత్తులతో కొట్టుకుంటారు. ద్రాక్ష కోత చూడాలనుకుంటే సెప్టెంబరు, అక్టోబరు మొదటి రోజులు సరైన సమయం. అప్పుడు గదుల ధరలు పెరుగుతాయి, బసలు నెలల ముందే నిండిపోతాయి. అయినా ఒక్కసారే వెళ్లేవారికి నేను సెప్టెంబరు చివరి వారమే చెబుతాను.

రెండో అడుగు: వీసా

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల ప్రాంతం) స్వల్పకాల వీసా తప్పనిసరి. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నా, బ్రిటన్‌లో నివాస అనుమతి ఉన్నా భారతీయ పాస్‌పోర్టుతో వెళ్తే ఈ వీసా కావాల్సిందే. డాలస్ నుంచో లండన్ నుంచో బయల్దేరే మనవాళ్లు ఈ సంగతి ఆఖరి నిమిషంలో తెలుసుకుని టికెట్లు రద్దు చేసుకుంటుంటారు.

ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రెండు దేశాల్లో సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ఆఖరి గడువు 15 రోజుల ముందు వరకు ఉన్నా దాని మీద ఆధారపడకండి. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడమే గగనం కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వారికి ఉచితం. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టు తీసుకుని పదేళ్లు దాటకూడదు, షెంగెన్ ప్రాంతం నుంచి బయటికి వచ్చాక కూడా మూడు నెలల గడువు మిగలాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. హోటళ్లను రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి.

హైదరాబాద్ నుంచి పోర్టోకు నేరుగా విమానం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ లాంటి చోట మారితే ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది. 2025 అక్టోబరులో మొదలైన కొత్త ప్రవేశ, నిష్క్రమణ వ్యవస్థలో వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు. వరుసలు నెమ్మదిగా కదులుతాయి. మారే విమానానికి గంటన్నర వ్యవధి ఉన్న చౌక టికెట్‌కు ఆశపడకండి, మూడు గంటలైనా పెట్టుకోండి. దుబాయ్ మీదుగా లిస్బన్‌లో దిగడం మరో మార్గం. విమానాశ్రయం నుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఒరియెంతె. అక్కడి నుంచి వేగవంతమైన రైలు సుమారు మూడు గంటల్లో పోర్టో చేరుస్తుంది. ఆ రైలుకు ముందుగా కొంటే తగ్గింపు ఉంటుంది.

మూడో అడుగు: బస

పోర్టో కొండ మీది ఊరు. పటంలో మూడు వందల మీటర్లని కనిపించే దూరం నిజానికి వంద మెట్లు కావచ్చు. నది ఒడ్డున ఉన్న రిబైరా పేట ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా, అక్కడ రాత్రిళ్లు సందడి ఎక్కువ. రాళ్లు పరిచిన సందుల్లో పెద్ద సూట్‌కేసు లాక్కుని వెళ్లడం కూడా కష్టమే. సావ్ బెంతో రైల్వే స్టేషను, త్రిందాదె మెట్రో స్టేషను మధ్య గది చూసుకోండి. విమానాశ్రయం నుంచి ఊదారంగు మెట్రో లైను అరగంటలో త్రిందాదెకు వస్తుంది. పాత భవనాల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు. అమ్మానాన్నలను తీసుకెళ్లేవారు బుక్ చేసే ముందే లిఫ్టు సంగతి రాసి అడగాలి.

నాలుగో అడుగు: పోర్టోలో నడక

సావ్ బెంతో స్టేషనుతో మొదలుపెట్టండి. టికెట్ అక్కర్లేదు, అది ఇప్పటికీ నడుస్తున్న రైల్వే స్టేషను. లోపలి హాలు గోడల నిండా సుమారు 20,000 పెంకుల మీద జార్జ్ కొలాసో గీసిన చిత్రాలున్నాయి. పైన రంగుల్లో ఉన్న పట్టీలో రవాణా చరిత్ర, కింద నీలం, తెలుపు రంగుల్లో దేశ చరిత్ర. అందరూ మధ్యలో నిలబడి మొత్తం హాలును ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు ఒక్క చిత్రం దగ్గర ఆగండి: 1415లో ఉత్తర ఆఫ్రికాలోని సేవ్టాను పోర్చుగీసులు పట్టుకున్న ఘట్టం. అందులో కనిపించే యువరాజు హెన్రీ 1394లో ఇదే పోర్టోలో పుట్టాడు. ఆ దండయాత్రతో మొదలైన సముద్ర ప్రయాణాలే 1498లో వాస్కో ద గామాను కాలికట్ తీరానికి చేర్చాయి. ఇవాళ మన గుంటూరు యార్డుకు వచ్చే మిరప మొదట మన దేశానికి వచ్చింది కూడా పోర్చుగీసు ఓడల వెంటే. సేవ్టాకు బయల్దేరిన ఆనాటి నౌకాదళానికి ఊళ్లోని మాంసమంతా ఇచ్చేసి, పేగులు మాత్రం తమకు ఉంచుకున్నారని ఒక కథ. అందుకే పోర్టోవాసులను నేటికీ ‘త్రిపైరూలు’, అంటే పేగులు తినేవాళ్లు అంటారు. వాళ్లు దాన్ని గర్వంగానే చెప్పుకుంటారు.

అక్కడి నుంచి సె కెథడ్రల్ ముంగిట్లోకి ఎక్కి, మెట్ల సందుల వెంట రిబైరాకు దిగండి. దిగడం తేలిక, ఎక్కడం కష్టం కనుక ఎప్పుడూ పై నుంచి కిందికే ప్రణాళిక వేసుకోండి. దారిలో సావ్ ఫ్రాన్సిస్కో చర్చి తప్పక చూడాలి. బయట బోసిగా కనిపించే గోతిక్ గోడల లోపల, చెక్కిన చెక్క మీద బంగారు రేకు అంగుళం వదలకుండా పరుచుకుని ఉంటుంది. పక్కనే ఉన్న బోల్సా అనే పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనంలోకి గైడుతోనే వెళ్లాలి కాబట్టి సమయం ముందే కనుక్కోండి. 1763లో పూర్తయిన క్లెరిగోస్ గోపురం ఎత్తు 75 మీటర్ల పైమాటే. రెండు వందలకు పైగా ఇరుకు మెట్లు. మోకాళ్లు బాగున్నవారికే. ప్రసిద్ధి చెందిన లెల్లో పుస్తకశాలకు ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోవాలి. టికెట్ సొమ్మును కొన్న పుస్తకం ధరలో తగ్గిస్తారు. చెక్క మెట్లు అద్భుతమే, కానీ లోపలి రద్దీలో వాటిని చూడటం కన్నా జనాన్ని చూడటమే ఎక్కువ. వదిలేసినా పెద్ద నష్టం లేదు.

సాయంత్రానికి, మొదటి లూయిస్ రాజు పేరు పెట్టిన దొం లూయిస్ వంతెన పై అంతస్తు మీద ఉండండి. 1886లో ప్రారంభమైన ఈ ఇనుప వంతెనను గీసిన తియోఫిల్ సేరిగ్ ఒకప్పుడు ఐఫిల్ టవర్ కట్టించిన గుస్తావ్ ఐఫిల్ భాగస్వామి. పై అంతస్తులో మెట్రో నడుస్తుంది. పాదచారులు పట్టాల మీద నడుస్తూ ఫొటోలు తీసుకుంటుంటారు, రైలు వస్తే గంట మోగిస్తుంది. మీరు మాత్రం అంచునే నడవండి.

ఐదో అడుగు: గాయా గిడ్డంగులు

ద్రాక్ష పండేది వంద కిలోమీటర్ల ఎగువన. మరి వైన్ ఇక్కడెందుకు ముదురుతుంది? లోయలో వేసవి వేడికి పీపాల్లోని వైన్ త్వరగా ఆవిరై, త్వరగా ముసలిదవుతుంది. గాయాలోని ఉత్తరపు వాలు సముద్రపు తేమతో ఏడాదంతా చల్లగా ఉంటుంది. దానికి తోడు 1986 దాకా పోర్ట్ వైన్‌ను గాయా నుంచే ఎగుమతి చేయాలని చట్టం ఉండేది. రబెలో అనే చదును అడుగు పడవల్లో, సుడులు దాటుకుంటూ పీపాలు దిగువకు వచ్చేవి. రైలు, రోడ్డు, ఆనకట్టలు వచ్చాక ఆ పడవలకు పని పోయింది. ఇప్పుడు గాయా ఒడ్డున కట్టేసి కనిపించేవి కంపెనీల ప్రచారం కోసమే.

టేలర్స్, గ్రాహమ్స్, సాండెమన్, ఫెరైరా, కాలెం లాంటి పేర్లు ఒడ్డున వరుసగా కనిపిస్తాయి. వీటిలో ఇంగ్లీషు పేర్లు ఎందుకంటే, ఫ్రాన్స్‌తో యుద్ధాల వల్ల అక్కడి వైన్ దొరకని బ్రిటిష్ వర్తకులు పదిహేడో శతాబ్దం చివర ఇటు తిరిగారు. దూరప్రయాణంలో చెడిపోకుండా వైన్‌లో ద్రాక్ష సారాయి కలిపేవారు. అదే పద్ధతిగా స్థిరపడింది. ద్రాక్షరసం పులియడం మొదలైన రెండు మూడు రోజులకు, చక్కెర ఇంకా మిగిలి ఉండగానే, 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారాయి పోస్తారు. పులియబెట్టే ఈస్టు చచ్చిపోతుంది, తీపి మిగిలిపోతుంది. అందుకే పోర్ట్ తియ్యగానూ ఉంటుంది, 19 నుంచి 22 శాతం ఘాటుగానూ ఉంటుంది.

రెండు గిడ్డంగులు మాత్రమే ఎంచుకోండి. ఒకటి పెద్ద పేరున్నది, ఒకటి చిన్నది. మూడో చోట గైడు అదే కథ చెబుతుంటే మీ ధ్యాస ఎటో పోతుంది. ఇంగ్లీషు గైడు ఉన్న సమయాన్ని ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. మామూలు సందర్శన, రుచి కలిపి సుమారు 20 యూరోల నుంచి ఉంటుంది. పాత వైన్‌లు కావాలంటే ఎక్కువ.

రుచి చూసేటప్పుడు ఎక్కువమందికి తెలియని తేడా ఒకటుంది. రూబీ పోర్ట్ పెద్ద పాత్రల్లో కొద్దికాలం ఉండి ఎర్రగా, పండు రుచితో వస్తుంది. టానీ పోర్ట్ సుమారు 550 లీటర్లు పట్టే చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి గాలి తగులుతూ ముదురుతుంది. రంగు వెలిసి రాగి ఛాయకు వస్తుంది, ఎండు అంజీరు, వేయించిన బాదం వాసనలు వేస్తుంది. సీసా మీద 10, 20, 30, 40 అని ఉండేది టానీ సగటు వయసును, శైలిని సూచించే సంఖ్య. వింటేజ్ అనేది చాలా మంచి ఏడాది పంటతో చేసి, రెండు మూడేళ్లకే సీసాలో పోసి, ఆపైన సీసాలోనే దశాబ్దాలు ముదరనిచ్చేది. మొదటిసారి వెళ్లినవారు పదేళ్ల టానీ, ఇరవై ఏళ్ల టానీ పక్కపక్కన పెట్టమని అడగండి. కాలం ఏం చేస్తుందో ఆ రెండు గ్లాసుల్లో తెలిసినంతగా గైడు మాటల్లో తెలియదు.

పద్ధతి చాలా తేలిక. కడుపు ఖాళీగా వెళ్లకండి. గ్లాసును కాడ దగ్గర పట్టుకుని తెల్ల కాగితం ముందు రంగు చూడండి. వాసన చూసి, చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. మింగకుండా ఉమ్మే పాత్ర ఉంటుంది, అడిగితే ఇస్తారు. అది అమర్యాద కాదు, వైన్ వృత్తిలో ఉన్నవాళ్లు చేసేదే అది. తేలిక నుంచి బరువుకు, అంటే వైట్, రూబీ, టానీ వరుసలో వెళ్లండి. మందు ముట్టనివారు ఇంట్లో ఉంటే వారినీ తీసుకెళ్లవచ్చు. చీకటి, చల్లదనం, తడిసిన చెక్క వాసన, వరుసల్లో పీపాలు చూడటానికి తాగనక్కర్లేదు. బుక్ చేసేటప్పుడు రుచి లేకుండా టికెట్ ఉందేమో చూడండి. పోర్చుగల్‌లో 18 ఏళ్లలోపు వారికి మద్యం పోయరు.

ఆరో అడుగు: రైల్లో పిన్యావ్‌కు

లోయలో బస చేయాల్సిన ఊరు పిన్యావ్. డౌరో లైను రైళ్లు సావ్ బెంతో లేదా కంపాన్యా స్టేషన్ల నుంచి బయల్దేరతాయి. కొన్నింటికి మధ్యలో రేగువా దగ్గర మారాలి. రోజుకు కొన్నే ఉంటాయి కాబట్టి తిరుగు రైలు సమయం కూడా ముందే రాసి పెట్టుకోండి. రైల్వే సమ్మెలు, మరమ్మతులు అక్కడ అరుదేమీ కాదు, రెండు రోజుల ముందు రైల్వే సైటు చూసుకోవాలి.

వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. మొదటి గంట శివార్లు, మొక్కజొన్న చేలే. కునుకు తీసినా ఫరవాలేదు. ఆ తర్వాత పట్టాలు నదికి దిగుతాయి, అక్కడి నుంచి నీళ్లు కిటికీ కిందనే ఉంటాయి.

కారు తీసుకోవాలా? రేగువా, పిన్యావ్ మధ్య ఎన్222 రోడ్డు నిజంగా అందమైనది. కానీ మనకు అలవాటు లేని కుడివైపు డ్రైవింగు, కొండమలుపులు, పైగా రుచులు. డ్రైవరు రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకు 0.5 గ్రాములు, కొత్త లైసెన్సు వారికి 0.2. వైనరీల కోసమే వెళ్తూ కారు నడపడం అర్థం లేని పని. తప్పదనుకుంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, నడిపేవారు ఆ రోజు గ్లాసు ముట్టకూడదు.

ఏడో అడుగు: లోయలో రెండు రోజులు

పిన్యావ్ స్టేషను గోడల మీద కోత పనుల చిత్రాలున్న నీలి పెంకులు చూసి బయటికి రండి. అక్కడి వైన్ ఎస్టేటును కింతా అంటారు. కింతా దు బొంఫిం స్టేషను నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. ఇనుప వంతెన దాటితే కింతా దాస్ కార్వాల్యాస్. మిగతావి కొండ మీద, అక్కడికి టాక్సీ కావాలి. ఊళ్లో టాక్సీలు తక్కువ, కాబట్టి తిరిగి వచ్చేందుకు కూడా మాట్లాడుకునే ఎక్కండి. రోజుకొక కింతా చాలు, దానికి ముందే సమయం తీసుకోవాలి.

తోటలోకి వెళ్లినప్పుడు వైన్ కన్నా ముందు గోడలు చూడండి. కొండ పొడవునా సిమెంటు, సున్నం ఏదీ లేకుండా షిస్ట్ అనే పొరల రాయిని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన గట్లు. ఆ గట్ల వెనక ఉన్నది మట్టి అనడం కష్టం, రాతిపలకల ముక్కలు. ద్రాక్ష వేళ్లు ఆ పలకల సందుల్లోంచి లోతుకు దిగి తడి వెతుక్కుంటాయి. పగలు వేడెక్కిన రాయి రాత్రి ఆ వేడిని తీగలకు తిరిగి ఇస్తుంది. చేత్తో ఒక పలక తీసి విరిచి చూడండి, బిస్కట్ మందాన చీలుతుంది. కొన్ని వాలుల్లో గట్లు మాత్రం ఉండి తీగలు లేకుండా పొదలు పెరిగి ఉంటాయి. 1860ల తర్వాత ఫిలోక్సెరా అనే చిన్న పురుగు వేళ్లను తినేసినప్పుడు రైతులు వదిలేసి పోయిన పొలాలవి. వాటిని ‘మొర్తోరియూలు’ అంటారు. ఈ ప్రాంతానికి 1756లో, రాజు తరఫున దేశాన్ని నడిపిన మంత్రి మార్క్విస్ ఆఫ్ పొంబల్ హద్దులు గీయించి గ్రానైట్ రాళ్లు పాతించాడు. వాటిలో కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, మీ గైడును అడిగితే దగ్గర్లో ఉన్నది చూపిస్తారు.

కోతల కాలంలో వెళ్తే ద్రాక్ష తొక్కడం చూసే అవకాశం ఉందేమో అడగండి. కొన్ని కింతాలు అతిథులను కూడా దిగనిస్తాయి. లగార్ అంటే మోకాలి లోతు గ్రానైట్ తొట్టి. మొదటి రెండు గంటలు ఆట కాదు: మనుషులు వరుసలో భుజాలు పట్టుకుని, ఒకరు లెక్క చెబుతుంటే, ఒక్కో అడుగూ ఎత్తి దించుతూ అంగుళం అంగుళం కదులుతారు. దీన్ని ‘కోర్త్’ అంటారు. ఆ తర్వాత ‘లిబర్దాద్’ అని కేక పడగానే వరుస చెదిరి, అకార్డియన్ వాయిస్తుంటే ఎవరి చిందు వారిది. పాదం మెత్తన కాబట్టి తొక్కలోని రంగు, రుచి దిగుతాయి గానీ గింజలు నలగవు, చేదు రాదు. యంత్రాలు వచ్చినా మేలురకం పోర్ట్‌కు కొందరు ఇంకా దీన్నే నమ్ముకున్నారు. దిగాలనుకుంటే పాత నిక్కరు తీసుకెళ్లండి, ఆ ఊదారంగు రెండు మూడు రోజులు కాళ్లకు పట్టి ఉంటుంది.

రెండో రోజు మధ్యాహ్నం ఒక గంట పడవ ఎక్కండి. సాయంత్రం కజాల్ ద లొయివూష్ గుట్ట మీదికి టాక్సీలో వెళ్లి నది వంపు చూడండి. ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు.

ఎనిమిదో అడుగు: భోజనం సంగతి

కూర్చోగానే రొట్టె, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు. ఉచితం కాదు. ముట్టుకోకపోతే బిల్లులో వేయరు, వద్దంటే తీసుకుపోతారు. శాకాహారులు జాగ్రత్తపడాల్సింది ‘కాల్దు వేర్ద్’ సూపుతో. పచ్చని ఆకుకూర సూపని తెప్పించుకుంటే అడుగున సాసేజ్ ముక్క తేలుతుంది. ‘మాంసం, చేప, వాటి రసం వద్దు’ అని పోర్చుగీసులో ఫోనులో రాసి ఉంచుకుని చూపించండి. పోర్టోలో శాకాహార హోటళ్లు, భారతీయ హోటళ్లు దొరుకుతాయి. పిన్యావ్‌లో అంత సులువు కాదు. బస బుక్ చేసేటప్పుడే రాత్రి భోజనం గురించి రాసేయండి. రాత్రి ఏడున్నరకు ముందు వంటగదులు సాధారణంగా తెరవరు, పిల్లలుంటే చిరుతిళ్లు వెంట ఉండాలి.

చివరి అడుగు: సీసాలు ఇంటికి తేవడం

కొనేది తోటలోనే కొనండి, ఊళ్లో దొరకనివి అక్కడ ఉంటాయి. మీరు కొద్దికొద్దిగా తాగేవారైతే టానీ తీసుకోండి, మూత తీశాక కూడా ఫ్రిజ్‌లో వారాలు నిలుస్తుంది. వింటేజ్ సీసా తెరిస్తే ఒకటి రెండు రోజుల్లో నలుగురూ కలిసి ముగించాల్సిందే. సీసాలను బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి, చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు.

భారత కస్టమ్స్ సుంకం లేకుండా అనుమతించే మద్యం ఒక్కో ప్రయాణికుడికి రెండు లీటర్లు. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు. రెండయితే లీటరున్నర, మూడోది పెడితే 2.25 లీటర్లయి పరిమితి దాటుతుంది. అందుకే రెండు మామూలు సీసాలు, 375 మిల్లీలీటర్ల సగం సీసా ఒకటి తీసుకోండి. ఎక్కువ తెస్తే శంషాబాద్‌లో గ్రీన్ చానల్ వైపు తిరగకుండా నేరుగా రెడ్ చానల్‌కు వెళ్లి చెప్పి, సుంకం కట్టండి.